చిలకలు తోలే పెట్టె

మా అత్తగారు రాఘవమ్మ గారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పుడు, చూడడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. "పోనీలెండి, ఎడం చెయ్యే కదా!" మాట పోలేదు, కుడి చెయ్యి బాగానే ఉంది, అన్నం తన చేత్తో తను కలుపుకుంటుంది, ఇంకేం కావాలన్నట్టు. యాపిల్ పళ్ళ సంచీ బల్ల మీద పెట్టి, కాఫీ తాగి, ఆ ఒక్క ముక్కా చెప్పి వెళ్ళిపోయారు. నేను అందరికీ తలూపాను. కోడలిగా ఇన్నేళ్ళలో నేను నేర్చిన విద్య అదొక్కటే.

ఎడం చెయ్యి దేనికి పనికొస్తుందో వాళ్ళు వెళ్ళాక తెలిసింది. చీర కుచ్చెళ్ళు పట్టడానికి, జడ అల్లుకోవడానికి, వంకాయ తరిగేటప్పుడు కదలకుండా పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి. పోనీ, ఇవన్నీ ఎవరైనా చేసిపెట్టేవే. కానీ మన ఇళ్ళల్లో ఎడమచేతికి ఇంకో పని ఉంది. ఆ పని కుడిచేత్తో ఎవరూ చెయ్యరు. అన్నం తినే చేత్తో కడుక్కోవడం కన్నా చావడం నయమనుకునే మనిషి మా అత్తగారు. అందుకని ఆ పని నా చేతికొచ్చింది. రోజూ పొద్దున్నే ఆవిడ కమోడ్ పక్కన గోడకు బిగించిన రాడ్డు పట్టుకుని ముందుకు వంగేది, మొహం గోడవైపు తిప్పుకునేది. నేను మగ్గుతో నీళ్ళు పోసి కడిగేదాన్ని. ఆ కాసేపూ ఇద్దరం నోరు విప్పేవాళ్ళం కాదు.

మా ఆయన రాంబాబు నీళ్ళు చిమ్మే పైపు పెట్టించారు. "నీళ్ళు చిమ్మితే శుభ్రమైపోద్దంట్రా? చెయ్యి పడకుండానే?" అని ఆవిడ దాని జోలికి పోలేదు. మనిషిని పెడదామంటే, "బయటిదాని చేత కడిగించుకోమంటావా?" అంది. పోనీ నా చేత కడిగించుకోవడం ఇష్టమా అంటే అదీ కాదు. రాత్రి భోజనం మానేసింది. సాయంత్రమైతే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అరగడం లేదని చెప్పేది గానీ, ఎందుకు మానేసిందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆ చెయ్యి తిరిగి రావాలని మా ఇంట్లో నేను మొక్కుకున్నంతగా ఎవరూ మొక్కుకుని ఉండరు. అందులో సగం ఆవిడ కోసం, సగం నా కోసం. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఒకరి చెయ్యి కింద బతికిన మనిషి కాదు ఆవిడ. పుట్టింది వేదాద్రి దగ్గర పల్లె, మెట్టింది చిల్లకల్లు అవతల. మామగారు పోయేనాటికి మా ఆయన ఇంకా నిక్కర్లు వేసుకుంటున్నారట. అప్పటినుంచీ మిరపతోట, పత్తి, కూలీలు, మోటారు, కాటా దగ్గర తగాదాలు అన్నీ ఆవిడే చూసుకుంది. కొడుక్కి నందిగామలో ఎరువుల కొట్టు పెట్టించి, పెళ్ళి చేసి, తనూ మాతోనే వచ్చి ఉన్నా, తెల్లారేసరికి బస్సెక్కి చేనికి పోయేది. చిల్లకల్లులో తను తీరిగ్గా దిగేదాకా బస్సు కదలనిచ్చేది కాదు. కండక్టరు విసుక్కుంటే రెండింతలు విసుక్కునేది. జబ్బు చేసింది కూడా చేలోనే. మిరపకోతల్లో ఎవరినో కేకలేస్తూ, ఆ కేక పూర్తికాకుండానే సాలు మధ్యలో కూలబడిపోయింది.

ఎడమచేతి విషయంలో మాత్రం లోకంలో ఎవరికీ లేని పట్టింపు ఆవిడది. కండక్టరు చిల్లర ఎడమచేత్తో ఇస్తే తీసుకునేది కాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేనొకసారి తొందరలో కాఫీ గ్లాసు ఎడమచేత్తో అందించాను. ఆవిడ ఆ కాఫీ తీసుకెళ్ళి మందారచెట్టు మొదట్లో పోసి వచ్చి, "ఇంకో గ్లాసు ఇవ్వమ్మా రాజ్యం" అంది. నా పేరు రాజ్యశ్రీ. ఆవిడ నోట్లో ఎప్పుడూ రాజ్యమే. రాజ్యం ఎవరిదో మాత్రం ఆ రోజే తెలిసిపోయింది.

ఆవిడ చేత వ్యాయామం చేయించడానికి యశస్విని అనే అమ్మాయి వచ్చేది. ఓపిక గల పిల్ల. మెత్తటి బంతి ఒకటి ఎడమచేతిలో పెట్టి నొక్కమనేది. బంతి దొర్లుకుంటూ మంచం కిందికి పోయేది. "బంతులాడే వయసా నాది?" అనేది అత్తగారు. యశస్విని వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నాతో, "ఈ కొద్ది నెలలే ఆంటీ. ఇప్పుడు కదిలించకపోతే బిగుసుకుపోద్ది. తర్వాత ఎంత చేసినా రాదు" అని చెప్పింది. పెద్ద ఊళ్ళలో ఇలాంటివాళ్ళ చేత వీడియో గేములు ఆడిస్తున్నారనీ, ఆటలో పడితే చేతి సంగతి మర్చిపోయి చెయ్యి కదిలిస్తారనీ కూడా చెప్పింది.

విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి సింధూర ఈ మాట ఫోన్లో విని వదల్లేదు. "గేమ్ నేను చేస్తానమ్మా. నాయనమ్మకి తెలిసిందే పెడదాం. జొన్నచేను, మంచె, చిలకలు" అంది. మా అత్తగారు చిన్నప్పుడు పుట్టింటి జొన్నచేలో మంచె మీద కూర్చుని, వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరి చిలకల్ని తోలేదట. ఆ కథ వినని పిల్ల మా బంధువుల్లో లేదు. ఆటలో ఎడమచేత్తో పిడి తిప్పితే మంచె మీది పిల్ల ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కుడిచేత్తో బటన్ నొక్కితే రాయి పోతుంది. ఫోన్లో వేలితో గీకితే లాభం లేదు, చేతినిండా పట్టుకునే పిడి ఉండాలి, మోచెయ్యి ఆనడానికి చోటుండాలి, అందుకు చెక్కపెట్టె కట్టించాలి అంది.

పెట్టె అనగానే మా ఆయన లేచి కూర్చున్నారు. మా డాబా మీద సగం కట్టిన కోళ్ళగూడు ఉంది. ఒక్క ఈగ కూడా వాలని తేనెపెట్టెలు ఉన్నాయి. రెండు కుండీల దాకా వచ్చి ఆగిపోయిన డ్రిప్పు పైపు ఉంది. ఆరంభశూరత్వం అనే మాట ఆయన్ని చూసే పుట్టించి ఉంటారు. జగ్గయ్యపేటలో ఆయన కాలేజీకి పోయే రోజుల్లో సినిమాహాలు పక్కన వీడియో గేముల కొట్టు ఉండేదట. మనిషెత్తు పెట్టె, నెత్తి మీద లైటు వెలిగే బోర్డు, మధ్యలో తెర, ముందు పిడి. రూపాయి బిళ్ళ వేసి ఆడేవాళ్ళట. అది చెబుతున్నప్పుడు ఆయన మొహం చూస్తే, కాలేజీకి వెళ్ళింది ఎన్నిసార్లో, ఆ కొట్టుకి వెళ్ళింది ఎన్నిసార్లో తెలిసిపోతుంది.

జగ్గయ్యపేటలో అచ్చయ్య అనే వడ్రంగి ఉన్నాడు. ద్వారబంధాలు, దేవుడి మందిరాలు చేస్తాడు. మా ఇంటి తలుపులు ఆయన చేసినవే. విషయం విని, "ప్లైవుడ్డు వద్దండి రాంబాబు గారూ, అమ్మగారు నాలుగు గుద్దులు గుద్దితే ఊడొస్తది. మీ చేలో కోయించిన వేపచెక్కలు ఉన్నాయిగా, అయి తోలించండి" అన్నాడు. మొదటి చెక్కకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని రంపం వేశాడట. ఆయన ఏ పని మొదలుపెట్టినా అంతే.

ఇక మా ఆయన కొట్టు నాకప్పగించి రోజుమార్చి రోజు బండేసుకుని జగ్గయ్యపేట పోవడం మొదలుపెట్టారు. పొద్దున అత్తగారి పని, వంట, తరువాత కొట్లో యూరియా బస్తాల లెక్క, మధ్యలో ఇంటికి పరుగెత్తుకొచ్చి ఆవిడని బాత్‌రూముకి తీసుకెళ్ళడం, మళ్ళీ కొట్టు. "మా మిరపలో ఆకుముడత వచ్చిందమ్మా, ఏం మందు కొట్టమంటావు?" అని రైతులు అడిగితే, నా నడుముకేం మందు కొట్టాలో ముందు చెప్పమందామనిపించేది. సాయంత్రం ఆయన ఒంటినిండా రంపంపొట్టుతో వచ్చి, పక్కచెక్కకి వంపు ఎంత బాగా వచ్చిందో చెప్పేవారు. నేను వింటూ వింటూ కూర్చున్నచోటే కునికేదాన్ని.

ఒక ఆదివారం పక్కింటి నాగశ్రీని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి నేనూ వెళ్ళాను. అచ్చయ్య షెడ్డులో పెట్టె నిలబడి ఉంది. నాకన్నా ఎత్తు. పక్కచెక్కలు నున్నగా వంపు తిరిగి ఉన్నాయి, నెత్తి మీద బోర్డుకి గూడు చేశాడు, దాని అంచుకి మందిరాలకి చెక్కినట్టే తామరరేకులు చెక్కాడు. మా ఆయన దాని ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, లేని పిడిని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"బాగుందండీ. దీని ముందు ఎవరు నిలబడతారు?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అచ్చయ్యకి అర్థమైంది. ఉలి కింద పెట్టి, "అమ్మగారు నిలబడలేరా అండి? ఆ ముక్క చెప్పలేదే తమరు" అన్నాడు మా ఆయనతో.

"కర్ర పట్టుకుని బాత్‌రూము దాకా నడుస్తుంది. అంతసేపు నిలబడలేదు" అన్నాను నేనే. వాళ్ళమ్మ కోసమని మొదలుపెట్టి మా ఆయన తన కాలేజీ రోజులకి పెట్టె కట్టించుకున్నారు. కోపం రావాల్సింది. ఏమీ రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త బలం కావాలి.

అచ్చయ్య మాత్రం విసుక్కోకుండా కింద చెక్కలు కోసేశాడు. ఇంట్లోంచి ఆవిడ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, మోకాళ్ళు లోపలికి పోయేటట్టు ముందుభాగం తెరిచాడు. పిడి బిగించే పలక ఏటవాలుగా ముందుకి దించి, ఎడమ మోచెయ్యి ఆనడానికి చిన్న దిండు కట్టాడు. నెత్తి మీద లైటు బోర్డు మాత్రం తీసెయ్యనివ్వలేదు మా ఆయన. సింధూర ఆట ఎక్కించిన తెర, పిడి, బటన్ పంపుతూ, బోర్డు మీద అంటించడానికి 'రాఘవమ్మ చేను' అని పెద్ద అక్షరాలతో కాగితం అచ్చువేయించి పంపింది. కోసేశాక ఆ పెట్టె పొట్టి మనిషి తలపాగా చుట్టుకున్నట్టు తయారైంది.

ట్రాలీ ఆటోలో ఎక్కించి నందిగామ తెస్తుంటే చిల్లకల్లు దగ్గర టీకి ఆపారట. తామరరేకులు చూసి ఎవరో చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారని మా ఆయన వచ్చి నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పెట్టె హాల్లో దించీ దించగానే అత్తగారు మంచం మీదినుంచి, "బొట్టు పెట్టకుండా ముట్టుకుంటారంట్రా? ట్రాక్టరొస్తే పెట్టామా లేదా? మోటారుకి పెట్టామా లేదా?" అని కేకేసింది. నిజమే కదా అనుకున్నాం అందరం. ఆవిడ చెబుతుంటే నేను పెట్టెకి పసుపు రాసి, బొట్లు పెట్టాను. తెరకి నాలుగు మూలలా పెట్టాను. పిడికి, బటన్‌కి ఒక్కొక్కటి పెట్టాను. దండ వేశాను. మా ఆయన కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. అచ్చయ్య, యశస్విని, సెలవు పెట్టి వచ్చిన సింధూర, అందరూ హారతి కళ్ళకద్దుకున్నారు. అత్తగారిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. తెర వెలిగింది. పచ్చటి జొన్నచేను, మధ్యలో మంచె, దాని మీద లంగావోణీ పిల్ల. ఆవిడ కళ్ళు మెరిశాయి.

యశస్విని ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి పిడి మీద పెట్టబోయింది. ఆవిడ కుడిచేత్తో ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుంది.

"పూజ చేసినదాన్ని ఎడంచేత్తో ముట్టుకుంటారా ఎవరైనా?"

ఇంతమందిమి ఉన్నాం. ఇంజనీరింగ్ చదివేది ఉంది, వైద్యం తెలిసింది ఉంది, వేలికొసల దాకా పని తెలిసిన వడ్రంగి ఉన్నాడు, ఆ ఎడమచెయ్యి కోసమే ఇంత కథా నడిపినవాళ్ళం ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు. మా చేతులతో మేమే దాన్ని దేవుణ్ణి చేసి కూర్చున్నాం.

"ఆడుకునే మిషనే అమ్మా" అన్నారు మా ఆయన. "దండెందుకేశారు మరి?" అంది ఆవిడ.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆవిడ కుడిచేత్తో ఆడడం మొదలుపెట్టింది. పిడి గబుక్కున తిప్పి, అదే చేత్తో ఠక్కున బటన్ కొట్టేది. రెండు చేతులు లేనిదే కుదరదని సింధూర అనుకున్న ఆట ఆవిడకి ఒంటిచేత్తో వారం తిరక్కుండా పట్టుబడింది. నాగశ్రీ, వీధిలోవాళ్ళు వచ్చి చూసి పోయేవాళ్ళు. "నాయనో, ఈ వయసులో ఎంత చురుకో!" అని మెచ్చుకునేవాళ్ళు. ఎడమచెయ్యి మాత్రం ఒళ్ళో పడుకుని ఉండేది. దాని వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. యశస్విని వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు విప్పి చూసి నావైపు చూసేది. పొద్దున్నే బాత్‌రూములో రాడ్డు, మగ్గు, గోడవైపు తిరిగిన మొహం, అంతా మామూలే. అవతల హాల్లో లైటు బోర్డు వెలుగుతూ ఉండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కొట్లోంచి ఇంటికి వచ్చేసరికి ఆవిడ చీర తడుపుకుని కూర్చుని ఉంది. నేను రావడం ఆలస్యమైంది. ఆట తెర మీద నడుస్తూనే ఉంది. ఆవిడని లేపి, చీర మార్చి, కింద కూర్చుని నేల తుడుస్తున్నాను. నడుము పట్టేసింది. లేవలేకపోయాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

"ఎవరి కోసం అత్తయ్యా ఈ పట్టింపు? ఆ చేత్తో ముట్టుకుంటే దేవుడికి కోపమొస్తదా? రోజూ మిమ్మల్ని కడిగి కడిగి నా నడుం పోయింది. మీరు రాత్రిళ్ళు ఎందుకు తినట్లేదో నాకు తెలీదా? మీరు పస్తుంటే నాకు ముద్ద దిగుద్దా? వినాయకుడంతటివాడికి ఉద్వాసన చెప్పి కాలవలో కలిపేస్తాం. ఈ వేపచెక్కకి చెప్పలేమా?"

ఇన్ని నెలలుగా ఇద్దరం పలకకుండా దాచుకున్న మాట నేల మీద పడిపోయింది. ఆవిడ మొహం తిప్పుకోలేదు. "ఇవాళ శుక్రవారం. ఉద్వాసన చెప్పకూడదు" అంది. "రేపు చెబుదాం."

మర్నాడు స్నానం చేయించాక తనే కుడిచేత్తో అక్షింతలు పెట్టె మీద వేసింది. మా ఆయనా నేనూ పెట్టెని ఉత్తరంవైపు జానెడు జరిపాం. దండ తీసేశాం. తడిబట్ట తెచ్చి పిడి మీద కుంకుమ తుడవబోతే నా చెయ్యి ఆపింది.

"నువ్వు తుడవకు, ముత్తైదువవి. ఇటు తే. నాకింక పోయేదేముందే?"

తనే తుడిచింది. తుడిచి, బట్ట పక్కన పడేసి, "ఊఁ, ఇప్పుడిది చెక్క. పెట్టు" అంది. నేను ఆ ఎడమచెయ్యి ఎత్తి పిడి మీద పెట్టాను. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చుట్టూ వేసి, జారిపోకుండా యశస్విని ఇచ్చిన పట్టీ చుట్టాను. ఆ చేతి వెనక అట్లకాడ అంచంత పాత మచ్చ ఒకటి ఉంది. రోజూ చూసేదే. వంటింట్లో కాలిందేమో అనుకునేదాన్ని.

"ఇది మా అమ్మ పెట్టిన వాత" అంది ఆవిడ, తెరవైపే చూస్తూ. "నాది పుర్రచెయ్యి. అన్నం ఆ చేత్తోనే తినేదాన్ని. పుర్రచేతి పిల్లని ఎవడు చేసుకుంటాడని కాల్చింది. చేలో మంచె ఎక్కితే మాత్రం ఎవరు చూస్తారు? వడిసెల ఈ చేత్తోనే తిప్పేదాన్ని. ఒక్క చిలక వాలేది కాదు. పెళ్ళయ్యాక మళ్ళీ పట్టలా. ఈ చేత్తో ఏది ముట్టుకున్నా మా అమ్మ ఎక్కడో నిలబడి చూస్తున్నట్టే ఉంటదే రాజ్యం, ఇప్పటికీ."

అందరికీ చెప్పిన కథలో ఈ ముక్క ఎప్పుడూ లేదు. నాకు జాలేసింది. ఆవిడ మీదా, వాత పెట్టిన ఆ తల్లి మీదా కూడా. నేను బటన్ నొక్కి ఆట మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి అద్భుతాలు జరిగాయని చెబితే అబద్ధం. చెయ్యి కదల్లేదు. చిలకలు దండుగా వచ్చి వాలి కంకులన్నీ తినేసి పోయేవి. ఆవిడ కూర్చుని వాటిని బూతులు తిట్టేది. "ఒసే, ఆ చిలకల్ని కాస్త నిదానంగా రమ్మనవే" అని సింధూరకి ఫోన్ చేయించింది. సింధూర వాటిని నిదానం చేసింది. అవి నిదానంగా వచ్చి నిదానంగా తినేవి. రోజూ అదే. పట్టీ కట్టడం, భుజం కింద చెయ్యి వేసి నేను తోడుగా తొయ్యడం, కొట్టుకి పోవడం, రావడం, మళ్ళీ పట్టీ. ఆవిడ భుజం నొప్పితో ఏడ్చిన రోజులున్నాయి. నేను వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులున్నాయి. మా ఆయన బోర్డులో మాడిపోయిన బల్బు మార్చారు. ఆయన మొదలుపెట్టి చివరిదాకా చేసిన పని అదొక్కటే.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం మంచె మీది పిల్ల కొద్దిగా పక్కకి తిరిగింది. తోసింది నేనేననుకున్నాను. నా చెయ్యి ఆవిడ భుజం కింద లేదు. ఇద్దరం పైకి ఏమీ అనలేదు. అంటే ఆగిపోతుందేమోనని భయం. తరువాత పట్టీ లేకుండా పిడి పట్టు దొరికింది. వానలు పడేనాటికి చిలకల్లో సగం చేనికి రాలేకపోయేవి. యశస్విని వేళ్ళు పట్టి చూసి, "సన్నపనులు రావు ఆంటీ, సూదిలో దారం అలాంటివి. పట్టు వరకూ వచ్చింది" అంది. సూదిలో దారం ఎవరికి కావాలి?

ఒక పొద్దున ఎప్పటిలా ఆవిడని కమోడ్ మీద కూర్చోబెట్టి, కాసేపాగి, మగ్గు తీసుకున్నాను. ఆవిడ రాడ్డు పట్టుకోలేదు. కుడిచెయ్యి చాపి, "అదిటిచ్చి నువ్వు బయటికి పో" అంది.

"పడతారేమో అత్తయ్యా."

"పడితే కేకేస్తాలే. తలుపెయ్యి."

తలుపు దగ్గరికి లాగి బయట నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు. ఆగడం. మళ్ళీ నీళ్ళు. మగ్గు జారి కిందపడింది. గడియ మీద చెయ్యి వేశాను. "రావద్దన్నానా!" అని లోపలినుంచి అరిచింది. చిల్లకల్లు బస్సులో కండక్టర్ మీద అరిచే గొంతు. ఈ రోజు వస్తే గుళ్ళో కొబ్బరికాయ కొట్టాలి, నాగశ్రీకి చెప్పాలి, సింధూరకి ఫోన్ చెయ్యాలి అని ఎన్నో అనుకుని ఉన్నాను. ఏదీ గుర్తురాలేదు. సంతోషం కూడా రాలేదు. ఇన్ని నెలల అలసట ఒక్కసారిగా మీదపడి, అక్కడే గోడకానుకుని కింద కూర్చుండిపోయాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. ఎడమచేతి వేళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, సబ్బు వాసన వస్తోంది. ఆవిడ కర్ర పట్టుకుని నా ముందు నిలబడి, కింద కూర్చున్న నన్ను చూసింది.

"పోయి పడుకో. కాఫీ నేను పెడతా."

"మీరా? పొయ్యి దగ్గర..."

"పడుకోవే అంటుంటే."

వెళ్ళి మంచం మీద వాలాను. కర్ర చప్పుడు హాలు దాటి వంటింట్లోకి పోయింది. స్టవ్ వెలిగింది. కాసేపటికి గిన్నె ఒకటి కిందపడి, పాలు ఒలికిన చప్పుడూ, దాని మీద ఆవిడ తిట్టూ వినిపించాయి. నేను లేవలేదు.